తట్టు చేయి, త్రోయు చేయి

1669వ సంవత్సరము సెప్టెంబరు మాసము చివర, తపతీ నది యొడ్డుననున్న సూరతు పట్టణమునుండి సుమారు 8,000 మంది పురుషులు తమ దుకాణములు మూసివేసి, భార్యాబిడ్డలను దగ్గరి బంధువుల కప్పగించి, ఉత్తరదిశగా సాగిపోయిరి. వారు సైనికులు కారు. నేరము చేసి పారిపోవువారును కారు. వారు ఆ పట్టణపు బనియాలు. షరాబులు, దళారులు, బట్టల వర్తకులు. వారు నర్మద దాటి, సుమారు 70 కిలోమీటర్ల దూరమందలి భరూచి పట్టణము చేరి అక్కడ నిలిచిరి.

సూరతు ఖాజీ కొంతకాలముగా వారిని మతవిషయమై పీడించుచుండెను. కొందరిని బలవంతముగా తన మతములోనికి మార్చెను; పేరుపొందిన వర్తక కుటుంబమునకు చెందినవాడొకడును అట్లు మార్చబడెను. మరికొందరిని భయపెట్టి, వారి పూజాస్థలముల జోలికి పోకుండుటకై ధనము గుంజెను. ఆ కాలమున సూరతులో నుండిన ఇంగ్లీషు కంపెనీవారు ఈ సంగతులను తమ లేఖలలో వ్రాసిపెట్టిరి.

వెళ్లుటకు ముందు బనియా పెద్దలు కంపెనీ అధ్యక్షుడైన జెరాల్డ్ ఆంజియర్ నొద్దకు పోయి, బొంబాయిలో తమకు ఆశ్రయమిత్తురా యని అడిగిరి. వారిలో ముఖ్యుడు కంపెనీ దళారియైన భీమ్‌జీ పారెఖ్. ఆంజియర్ వారియెడల జాలిపడెను గాని, ఔరంగజేబు చక్రవర్తి ఆగ్రహమునకు జడిసి, అహమ్మదాబాదునకు పోయి అక్కడనుండి చక్రవర్తికే మొర పెట్టుకొనుడని చెప్పి పంపెను. ఖాజీ వారిని ఆపవలెనని పట్టణాధికారిని కోరెను. అయితే ఆ అధికారి, తానును ముసల్మానే యైయుండియు, వారు పాదుషావారి ప్రజలు, తమకిష్టమైన చోటికి పోవచ్చునని చెప్పి ఊరకుండెను. మంచివాడు ఏ మతములోనైనను నుండవచ్చును. పీడించువాడును ఏ మతములోనైనను నుండవచ్చును. అదే శతాబ్దమున అదే పడమటి తీరమందలి గోవాలో సిలువ గుర్తు ధరించినవారే మతవిచారణ న్యాయస్థానమును నడుపుచుండిరి. 1560లో నెలకొల్పబడిన ఆ న్యాయస్థానము 1812 వరకు పూర్తిగా తొలగిపోలేదు.

సూరతు స్తంభించిపోయెను. టంకశాల మూతపడెను, సుంకపు చావడిలో పని నిలిచెను, అప్పిచ్చువాడును హుండీ వ్రాయువాడును లేకపోయిరి. తుదకు, మతవిషయమున వారికి భద్రత కలుగునని చక్రవర్తి యొద్దనుండి అభయపత్రము వచ్చిన తరువాత, డిసెంబరు మాసమున బనియాలు ఇండ్లకు తిరిగివచ్చిరి. ఒక్క కత్తియు ఎత్తకయే వారు తమ మనస్సాక్షిని నిలుపుకొనిరి.

ఇంతకును ఖాజీకి దక్కినదేమి? కొన్ని దేహములమీద ఒక గుర్తు, కొన్ని సంచులలోని నాణెములు. ఒక్క మనుష్యుడైనను అతని దేవుని ప్రేమించెనని చెప్పుట కేయాధారమును లేదు. నలిపి మెత్తబరచిన కాయ చేతికి పండువలె తోచును. నోటిలో పెట్టినప్పుడు దాని వగరు తెలియును.

కత్తి లేని బలవంతము

ఈ కథను చదివిన విశ్వాసి, “ఆ ఖాజీ వంటివారు నాడుండిరి, నేడు ఆ భయము లేదు” అని నిట్టూర్చి పుట త్రిప్పవచ్చును. అయితే బలవంతమునకు ఎల్లప్పుడును అధికారము అక్కరలేదు. దానికి మెత్తని చేతులును కలవు.

సూరతు నగరములోనే నేటి సంగతిని చూడవచ్చును. తెలంగాణ జిల్లాలనుండి పద్మశాలి కుటుంబములు అనేకము మరమగ్గముల పనికై అక్కడికి వలసపోయి స్థిరపడినవి. లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట వీధిలో వినబడును. అట్టి పేటలో ఒక గదిని ఊహించుకొనవచ్చును. ఊరినుండి క్రొత్తగా వచ్చిన యువకుడొకడు అందులో చోటు సంపాదించెను. పని చూపినవాడు, చోటిచ్చినవాడు, మొదటినెల బియ్యమునకు అప్పిచ్చినవాడు ఒక్కడే, వరుసకు అన్న. ఆ అన్న భక్తిపరుడు. అతడు ప్రతిరాత్రి తన మతమునుగూర్చి మాటలాడును. తమ్ముడు పండ్రెండు గంటలు మగ్గమునొద్ద నిలిచి వచ్చి కన్నులు మూతపడుచున్నను, “ఔను అన్నా” అనును. ఆదివారమున రమ్మన్నచోటికి వచ్చును. మ్రొక్కుమన్న చోట మ్రొక్కును. అన్న సంతోషించి, ఒక ఆత్మ వెలుగులోనికి వచ్చెనని పదిమందితో చెప్పును. నిజమునకు వచ్చినది ఆత్మ కాదు. తీరని బియ్యపు బాకీ.

ఈ అన్న క్రైస్తవుడని కొందరు తలతురు. కాడని మరికొందరు తలతురు. ఎవరెట్లు తలచినను కథ మారదు. ప్రార్థనకూటమునకు ఈడ్చువాడును, పండుగ చందా ఇయ్యనిచో గది ఖాళీ చేయుమనువాడును ఒక్క తాటినే లాగుచున్నారు. ఆసుపత్రి మంచమునొద్ద భయమును రెట్టింపు చేసి మ్రొక్కించువాడు, పెండ్లికి ముందు కోడలి దేవుని మార్చు అత్తమామలు, ఉద్యోగపు ఆశ చూపు యజమాని వీరందరును కత్తి లేని ఖాజీలే. వీరిలో పెక్కుమంది దుష్టులు కారు. అందువలననే ఈ ప్రశ్న కఠినమైనది.

ప్రేమించువాడు ఏల త్రోయును?

చిత్తశుద్ధి గలవాడు ఇట్లు వాదించును: “పొరుగువాని ఇల్లు కాలుచుండగా తలుపు మెల్లగా తట్టి, అనుమతి కోరి నిలుచుందునా? తలుపు పగులగొట్టి వానిని బయటికి లాగనా? నాకు తెలిసిన సత్యము వానికి జీవమైనప్పుడు, వాని యిష్టముకొరకు కాచుకొనుట ప్రేమ యగునా?”

ఇది తేలికగా కొట్టివేయదగిన వాదము కాదు. నమ్మినదానిని నోరు విప్పి చెప్పనివాడు దానిని నిజముగా నమ్మలేదనుటలో సత్యము కలదు. పొరుగువాని నిత్యజీవమును గూర్చి చింతలేని మర్యాద, మర్యాద వేషము వేసిన నిర్లక్ష్యమే కావచ్చును. అయినను ఆ ఉపమానము ఒకచోట కుంటుచున్నది. కాలుచున్న ఇంటినుండి మనుష్యుని దేహమును ఈడ్చి బయట వేయవచ్చును. వాని సమ్మతి లేకున్నను వాడు బ్రదుకును. విశ్వాసమట్టిది కాదు. అది దేహము చేయు ప్రయాణము కాదు. హృదయము తన కాళ్లతో తాను నడువవలసిన నడక. ఈడ్చి తెచ్చినచో దేహమే వచ్చును; హృదయము పాత ఇంటిలోనే, మునుపటికంటె గట్టిగా గడియ వేసికొని కూర్చుండును.

కాబట్టి త్రోయువాని చేతిలో ప్రేమ యుండవచ్చును గాని, ఆ ప్రేమ వెనుక ఒక అవిశ్వాసము దాగియున్నది. తాను చెప్పు సత్యమునకు తన సాయము లేనిదే నిలుచు శక్తి లేదని అతడు లోలోపల శంకించుచున్నాడు. దేవుడు ఎదుటివానితో మాటలాడగలడని పెదవులతో ఒప్పుకొనును. ఆయన మాటలాడువరకు ఆగుటకు మాత్రము ఓపిక లేదు. కొన్నిచోట్ల ప్రేమకంటె లెక్కయే ముందు నడచును: ఈ నెల ఎందరు వచ్చిరి, మన గుంపు ఎంత పెరిగెను అని. ఒక్కని తమలో కలుపుకొనుటకై ఎంత దూరమైనను తిరుగువారిని ప్రభువు ఎంత తీవ్రముగా గద్దించెనో మత్తయి సువార్త 23వ అధ్యాయము చదివినవారెరుగుదురు. ఆ గద్దింపు అన్యులకు కాదు. బహు భక్తిపరులని పేరుపొందినవారికే.

వెళ్లిపోనిచ్చిన ప్రభువు

సువార్తలలో క్రీస్తు ప్రభువు నొద్దకు వచ్చినవారిని గూర్చి ప్రసంగములు విస్తారము; ఆయన యొద్దనుండి వెళ్లిపోయినవారిని గూర్చి తక్కువ. ఆస్తిగల యువకుడొకడు వచ్చి నిత్యజీవమును గూర్చి అడిగెను. ప్రభువు అతని ప్రేమించెనని మార్కు (10వ అధ్యాయము) స్పష్టముగా చెప్పుచున్నాడు. అయినను అతడు దుఃఖపడుచు వెళ్లినప్పుడు ఆయన వెంటబడలేదు, వెల తగ్గించి పిలువలేదు, భయపెట్టి నిలుపలేదు. ప్రేమించెను, సత్యము చెప్పెను, వెళ్లనిచ్చెను. ఈ మూడును ఒకే హృదయములో ఇమిడియుండుటయే ఆయన మహిమ.

సమరయ గ్రామమొకటి ఆయనను చేర్చుకొననప్పుడు శిష్యులిద్దరు ఆకాశమునుండి అగ్నిని రప్పింతుమా యని అడిగిరి. ఆయన గద్దించినది ఆ గ్రామమును కాదు, ఆ శిష్యులను. తరువాత వేరొక గ్రామమునకు సాగిపోయెను (లూకా 9). అనేకులు ఆయనను విడిచిపోయిన దినమున, మిగిలిన పండ్రెండుగురిని సైతము మీరును వెళ్లగోరుచున్నారా యని అడిగెను (యోహాను 6). తలుపు లోపలినుండి తెరచుకొనవలెనని ఆయన యెరుగును. తట్టు చేతికిని త్రోయు చేతికిని గల భేదమిదియే: తట్టు చేయి లోపలివాని జవాబు కొరకు ఆగును, త్రోయు చేయికి జవాబుతో పనిలేదు.

ముద్రణాలయము చెప్పు పాఠము

సూరతు చరిత్రలోనే ఈ భేదమునకు చక్కని దృష్టాంతము కలదు. 1669లో పీడింపబడిన భీమ్‌జీ పారెఖ్ తరువాత ఏమి చేసెను? ఖాజీమీద పగ తీర్చుకొనలేదు. తన మతపు ప్రాచీన గ్రంథములను అచ్చు వేయించగోరి, ఇంగ్లాండునుండి ముద్రకుని పంపుడని కంపెనీవారిని కోరెను. హెన్రీ హిల్స్ అను ముద్రకుడు 1674లో బొంబాయి చేరెను. దేశీయ లిపికి అక్షరములు పోతపోయు పని అనుకొన్నట్లు నెరవేరలేదు గాని, ఆ కోరికయే గమనింపదగినది. బలవంతమునకు గురియైనవాడు బలవంతమును నేర్చుకొనలేదు. తాను నమ్మినదానిని నలుగురి యెదుట ఉంచుటకు మార్గము వెదకెను.

దాదాపు నూటయేబది సంవత్సరముల తరువాత లండను మిషనరీ సంఘము సూరతులో పని ప్రారంభించెను. ఇదే సంఘము 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డె గ్రాంజి అనువారిని విశాఖపట్టణమునకు, తెలుగువారి యొద్దకు పంపియుండెను. 1815 ప్రాంతమున సూరతు చేరిన జేమ్స్ స్కిన్నర్, విలియం ఫైవీ అనువారు గుజరాతీ భాష నేర్చి, బైబిలును అనువదించి, 1820 తరువాతి మూడు నాలుగు సంవత్సరములలో అక్కడనే అచ్చు వేయించిరి. భీమ్‌జీ మతము వేరు, వారి మతము వేరు. పట్టిన త్రోవ మాత్రమొకటే. అచ్చుపుస్తకము ఎవరి చొక్కాయు పట్టుకొని నిలుపదు. చదువగోరినవాడు తెరచును, వద్దనుకొన్నవాడు మూయును, మరల ఎన్నడైన కావలెననిన, అలుక లేక తెరచుకొనును. సాక్ష్యమిచ్చు ప్రతి మనుష్యుడు పుస్తకమునుండి ఈ వినయమును నేర్చుకొనదగును.

చట్టము ఎంతవరకు?

స్వతంత్ర భారతదేశము ఈ ప్రశ్నను రాజ్యాంగ పరిషత్తులోనే ఎదుర్కొనెను. మతమును అవలంబించుటకు, ఆచరించుటకు తోడు ప్రచారము చేయు హక్కును కూడ వ్రాయవలెనా యని 1948 డిసెంబరులో వాదము జరిగెను. ఆ మాటను సమర్థించినవారిలో కె. ఎం. మున్షీ ఒకడు, బనియాలు ఆశ్రయము పొందిన ఆ భరూచి పట్టణమునందే పుట్టినవాడు, హిందువు. క్రైస్తవులు ఆ మాటను కోరుట ఇతరులమీదికి దండెత్తుటకు కాదనియు, అది వారి విశ్వాసములో ప్రధానభాగమనియు ఆయన సభకు తెలిపెను. ఆ హక్కు 25వ అధికరణములో నిలిచినది. 1977లో సుప్రీముకోర్టు, ప్రచారము చేయు హక్కనగా మత సిద్ధాంతములను వివరించి వ్యాపింపజేయు హక్కే గాని, ఇంకొకని మార్చు హక్కు కాదని తీర్పు చెప్పెను. 2003లో గుజరాతు శాసనసభ బలవంతముచేతను, ఆశ చూపియు, మోసముచేతను మతము మార్చుటను నిషేధించి, మతము మార్చు కార్యమునకు జిల్లా అధికారి అనుమతి ముందుగా పొందవలెనని చట్టము చేసెను.

చట్టము బెత్తమును చూడగలదు; బియ్యపు బాకీ వెనుకనున్న ఒత్తిడిని ఎల్లప్పుడును చూడలేదు. మరియు మనస్సాక్షిని కాపాడుటకు పుట్టిన చట్టమే, మనస్సాక్షి చొప్పున నడువగోరువానిని అధికారి గుమ్మమునొద్ద నిలువబెట్టుటయు కలదు. సూరతునకు సమీపమందలి డాంగు జిల్లాలో 1998 క్రిస్మసు దినములలో దేవాలయములు, ప్రార్థనాస్థలములు దహింపబడినప్పుడు, అక్కడి బీద విశ్వాసులు ఒత్తిడి యననేమో తమ కన్నులతో చూచిరి. కావున ఈ విషయములో చట్టముకంటె లోతైన కాపుదల ఒకటి మనుష్యుని లోపల నుండవలెను.

త్రోయువానితో ఎట్లు నడుచుకొనవలెను?

గాంధీగారు తన ఆత్మకథలో రెండు సంగతులు చెప్పెను. ఆయన బాల్యమున రాజకోటలో పాఠశాల సమీపమున క్రైస్తవ బోధకులు వీధి మూలను నిలిచి హిందువులను, వారి దేవతలను దూషించుచుండిరట. ఆయన ఒక్కసారి నిలిచి విని, మరల నిలువలేదు. మతములన్నిటిలోను క్రైస్తవముమీదనే ఆయనకు అయిష్టము కలిగెను. ఆ వీధి మూల దూషణ ఎన్ని ఆత్మలను సంపాదించెనో కాని, ఒక బాలుని చెవులను మూసినది.

రెండవది ప్రిటోరియాలో జరిగినది. 1893లో ఆయన అక్కడికి పోయినప్పుడు కోట్స్ అను క్వేకరు స్నేహితుడు, ఆయన మెడలోని తులసిపూసల దండను చూచి, అది మూఢాచారమనియు, తాను దానిని త్రెంపుదుననియు చెప్పెను. గాంధీగారు వలదనెను. దాని మర్మము తనకు తెలియదనియు, అయితే తల్లి ప్రేమతో వేసినదానిని తగిన కారణము లేక తీసివేయననియు, అది కాలక్రమమున తనంతట తెగిపోయినచో క్రొత్తది కోరననియు శాంతముగా చెప్పెను. కోట్స్ ఆ జవాబును మెచ్చలేదు. అయినను గాంధీగారు ఆ స్నేహితుడిచ్చిన పుస్తకములను చదువుట మానలేదు, స్నేహమును విడువలేదు.

ఈ జవాబులో త్రోయబడువానికి కావలసినదంతయు ఉన్నది. మొదట, తెలియనిది తెలియదని చెప్పుటకు ఆయన సిగ్గుపడలేదు. వాదములో గెలువనక్కరలేదని యెరిగినవాడు కోపపడడు. రెండవది, ‘వద్దు’ అను మాటను నానబెట్టలేదు. మొగమాటముచేత ‘ఔను, చూతము’ అనువాడు త్రోయువానిని మోసపుచ్చి, మరల త్రోయుటకు పిలుచుచున్నాడు. మూడవది, దండను కాపాడుకొనెను గాని స్నేహితుని పోగొట్టుకొనలేదు.

లింబాయత్ గదిలోని తమ్ముడును ఒక రాత్రి ఇట్లు చెప్పవచ్చును: “అన్నా, నీవు చేసిన మేలు నేను మరువను. బాకీ నెలనెల తీర్తును. నీ దేవుని గూర్చి నేను అడిగిన దినమున చెప్పుము; మనసుపెట్టి విందును. అడుగని దినమున నన్ను నిద్రపోనిమ్ము.” ఈ మాటకు అన్న నొచ్చుకొనవచ్చును. అయితే ఆ గదిలో మొదటి నిజమైన సంభాషణ ఆ రాత్రియే ఆరంభమగును.

శాంతము అన్నిచోట్ల చాలదు. త్రోయువాని చేతిలో జీతమో, బిడ్డల చదువో, ఊరి కట్టుబాటో ఉన్నప్పుడు ఓర్చుకొనుట మాత్రమే ధర్మము కాదు. పెద్దలయెదుట చెప్పుటయు, చట్టమును ఆశ్రయించుటయు, తుదకు బనియాలవలె లేచి వెళ్లుటయు ధర్మమే. చేయి ఎత్తకుండుట వేరు, మెడ వంచుట వేరు.

ఒకే తూకపురాయి

కడపటి ప్రశ్న అన్నిటికంటె బరువైనది. తనమీద త్రోయబడినప్పుడు నొప్పి అందరికిని తెలియును. తాను త్రోయుచున్నప్పుడు అది సేవవలె కనబడును. కొనుటకొక రాయి, అమ్ముటకొక రాయి ఉంచుకొను వర్తకుని ధర్మశాస్త్రము అసహ్యించుకొనుచున్నది. విశ్వాసి సంచిలోను రెండు రాళ్లుండరాదు. డాంగులో మందిరములు కాల్చినది అన్యాయమని మొరపెట్టు నోరు, తన ఇంటి పనిమనిషి ఆదివారమున రానిచో జీతము కోయుదునని బెదరించుచున్నచో, ఆ మొర ఆకాశమునకు ఎక్కదు.

పరీక్ష కష్టమైనది కాదు. సాక్ష్యము చెప్పువాడు తన్ను తానిట్లు అడుగుకొనవలెను: ఎదుటివాడు ‘వద్దు’ అన్నచో రేపు వానికి నేనిచ్చు బియ్యము తగ్గునా? వాని బిడ్డ జబ్బు పడినప్పుడు నేను పోకుందునా? నా నమస్కారము చల్లబడునా? తగ్గనిచో, నేను తట్టినవాడను. తగ్గినచో, మాట ఎంత తియ్యగా నున్నను, నేను త్రోసినవాడనే.

1669 డిసెంబరులో బనియాలు తిరిగివచ్చినప్పుడు వారి ఇండ్ల తలుపులు లోపలనున్న వారివారు తెరచిరి. మనుష్యుని హృదయమునకు తలుపు పెట్టినవాడు దేవుడు. గడియను లోపలివైపున పెట్టినవాడును ఆయనే. బయటినుండి తెరచుటకు వీలుకలుగజేయుట సర్వశక్తునికి కష్టము కాదు. ఆయన అట్లు చేయలేదు. ఆయనయే నిలిచి తట్టుచున్న గుమ్మమునొద్ద, ఆయన సేవకుడు భుజము పెట్టి త్రోయుట తగునా?